తీగ లాగేవాళ్లే అందరూ, డొంకను చూసేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో ఒక వార్త చదివాను. ఇకమీదట మందులన్నీ కంప్యూటరే కనిపెట్టేస్తుందని, పదేళ్ల పని పది నెలల్లో తేలిపోతుందని రాశారు. అదే రోజు లోపలి పేజీలో మన విశాఖ చుట్టుపక్కల ఫార్మా పరిశ్రమకు ఇంకా ఎన్ని ఎకరాలు ఇస్తున్నారో, ఎన్ని వేల కోట్లు రాబోతున్నాయో ఇంకో వార్త. రెండూ చదివి పేపరు మడిచేశాక ఒకటే అనిపించింది, ఈ రెండు వార్తలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదని. అందుకే ఈ ఉత్తరం. పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. నేను బల్క్ డ్రగ్, అంటే మాత్రల్లో వేసే అసలు మందు పొడి, తయారుచేసే ఫ్యాక్టరీల్లో 26 ఏళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను, చివరి పన్నెండేళ్లు పరవాడ ఫార్మా సిటీలో. ఇప్పుడు రిటైరై గాజువాకలో ఉంటున్నాను. సైంటిస్టును కాను. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం ముందు కూర్చుని, బ్యాచ్‌లో ఇంప్యూరిటీ ఎంతుందో చూసి, సంతకం పెట్టిన మనిషిని. నా సంతకంతో బయటికెళ్లిన పొడి ఏ దేశంలో ఎవరి కడుపులోకి పోయిందో, అక్కడ ఏం చేసిందో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చింది మాత్రం మా అమ్మ వల్ల.

అమ్మకు 78 ఏళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేది. కొన్నాళ్లకు సాయంత్రమయ్యేసరికి చీలమండలు ఉబ్బడం మొదలైంది. ఒక ఆసుపత్రికి తీసుకెళితే నీరు పోయే మాత్ర రాశారు. వాపు పెద్దగా తగ్గలేదు గానీ రాత్రి నాలుగుసార్లు లేవడం మొదలైంది. మూడు నాలుగు నెలలు గడిచాక కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా కేక పెట్టేంత నొప్పి. టెస్టులో యూరిక్ యాసిడ్ ఎక్కువని వచ్చింది. ఈసారి ఇంకో ఆసుపత్రి, ఇంకో డాక్టరు, యూరిక్ యాసిడ్‌కో మాత్ర, నొప్పికో మాత్ర. నొప్పి మాత్ర పది రోజులు వాడేసరికి బీపీ పెరిగింది. బీపీ పెరిగింది కాబట్టి ఆమ్లోడిపిన్ డోసు పెంచారు. దాంతో వాపు ఇంకా పెరిగింది. నాకు ఒకటే టెన్షన్, ఈవిడకు కిడ్నీ పాడవుతోందేమో, గుండె పాడవుతోందేమో అని.

మా అమ్మాయి ఎం.ఫార్మసీ చదువుతోంది. ఒకరోజు రాత్రి ఆ ప్రిస్క్రిప్షన్లన్నీ మంచం మీద పరిచి, కరెంటు బిల్లు వెనకవైపు బాణాలు గీసింది. బీపీ మాత్ర నుంచి వాపుకు ఒక బాణం, వాపు నుంచి నీటి మాత్రకు, అక్కణ్నుంచి యూరిక్ యాసిడ్‌కు, అక్కణ్నుంచి నొప్పి మాత్రకు, నొప్పి మాత్ర నుంచి మళ్లీ బీపీకి. బాణం తిరిగి బయల్దేరిన చోటుకే వచ్చి చేరింది. “నాన్నా, నానమ్మకు ఉన్నది ఒక్క జబ్బే, మిగతావన్నీ మందులు తెచ్చినవి” అంది.

అసలు ఆమ్లోడిపిన్ వల్ల వచ్చే వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదట. రక్తం తెచ్చే సన్న నాళాలు వెడల్పవుతాయి, తీసుకెళ్లేవి మాత్రం ఎప్పట్లాగే ఉంటాయి, మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు కండలోకి ఊరుతుంది. ఇన్‌లెట్ వాల్వ్ బార్లా తెరిచి అవుట్‌లెట్ ముట్టుకోకపోతే ట్యాంకు ఏమవుతుందో మా ప్లాంటులో కొత్తగా చేరిన ఆపరేటర్ని అడిగినా చెప్తాడు. నీటి మాత్ర దానికి పెద్దగా పనిచేయదు. కానీ టెల్మిసార్టాన్ లాంటి ఇంకో రకం బీపీ మాత్ర కలిపితే అవుట్‌లెట్ కూడా కాస్త తెరుచుకుంటుంది. మూడో డాక్టరు గారు సరిగ్గా అదే చేశారు, ఆమ్లోడిపిన్ సగం చేసి టెల్మిసార్టాన్ జతచేశారు, నీటి మాత్రా నొప్పి మాత్రా ఆపేశారు. నెల తిరిగేసరికి అమ్మ చెప్పులు మళ్లీ కాళ్లకు పట్టాయి. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకండి. నీటి మాత్ర కచ్చితంగా అవసరమైన గుండె జబ్బులున్నాయి. మీ డాక్టర్ని అడగండి, అన్ని చీటీలూ ఒకేసారి ఆయన ముందు పెట్టి అడగండి.)

ఇక్కడ ఏ డాక్టర్నీ తప్పుపట్టడానికి లేదు. విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కరూ తన ముందున్న సమస్యకు పుస్తకంలో ఉన్న మందే రాశారు. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు కదా, వాళ్లందరికీ తీగే కనిపించింది. డొంక మొత్తాన్ని లెక్కలేసి చూసే చదువు ఒకటుందని, దాన్ని సిస్టమ్స్ బయాలజీ అంటారని ఆ రాత్రి మా అమ్మాయి చెబితేనే నాకు తెలిసింది. పేరు పెద్దగా ఉన్నా సంగతి ఇదే. ఒక జన్యువునో ఒక ప్రొటీన్‌నో విడదీసి చూడకుండా, ఒకటి మారితే మిగతావి ఎలా మారతాయో, ఏది దేన్ని పెంచుతుందో ఏది దేన్ని అణుస్తుందో కొలిచి, ఆ కొలతల్ని సమీకరణాలుగా రాసి, కంప్యూటర్లో నడిపి, మళ్లీ ల్యాబ్‌లో సరిచూసుకోవడం.

మందుల పరిశోధన చాలాకాలం తాళం, తాళంచెవి పద్ధతిలో నడిచింది. జబ్బుకు కారణమైన ప్రొటీన్ ఒకటి పట్టుకో, దానికి సరిగ్గా అతికే మాలిక్యూల్, అంటే మందు అణువు, తయారుచెయ్. 2003లో మానవ జన్యుపటం పని పూర్తయ్యాక, ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలేనని తేలాక, ఇక వరసపెట్టి తాళాలు తీయడమే అనుకున్నారు. అలా జరగలేదు. ఇవాళ్టికీ మనుషుల మీద ట్రయల్స్ దాకా వచ్చిన పది మందుల్లో తొమ్మిది మధ్యలోనే రాలిపోతున్నాయి. అక్కడిదాకా రావడానికే ఏళ్లు పడుతుంది, ల్యాబ్ నుంచి మెడికల్ షాపు దాకా లెక్కేస్తే పది, పదిహేనేళ్లు. రాలిపోయేవాటిలో ఎక్కువ భాగం మాలిక్యూల్ బాగా తయారవక కాదు. తాళం తెరుచుకుంటుంది, లోపల మనం అనుకున్న గది ఉండదు.

వయాక్స్ గుర్తుందా? అసలు పేరు రోఫెకాక్సిబ్. నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పెడతాయి కాబట్టి, కడుపును కాపాడే కాక్స్-1 అనే ఎంజైము జోలికి పోకుండా, నొప్పి తెచ్చే కాక్స్-2ను మాత్రమే ఆపేలా చేశారు. కెమిస్టు కంటితో చూస్తే ముచ్చటేసే మాలిక్యూల్. అయితే రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోస్టాసైక్లిన్ తయారీకి ఆ కాక్స్-2 కూడా కావాలి. గడ్డకట్టించే థ్రాంబాక్సేన్ ప్లేట్‌లెట్లలో కాక్స్-1 వల్ల తయారవుతుంది. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని వదిలేసరికి తక్కెడ ఒక వైపుకు ఒరిగింది. గుండెపోట్లు పెరిగాయని తేలి 2004 సెప్టెంబరులో మార్కెట్ నుంచి తీసేశారు, అదే ఏడాది మన దేశంలోనూ నిషేధించారు. రెండేళ్ల తర్వాత టోర్సెట్రాపిబ్ కథ. మంచి కొలెస్ట్రాల్ పెంచే మందు, పెంచింది కూడా, ల్యాబ్ రిపోర్ట్ చూస్తే పండగే. సుమారు 15 వేల మందితో ట్రయల్ నడుస్తుంటే మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువగా కనిపించి 2006 డిసెంబరులో ఆపేశారు. ఆ మందు పక్కదారిలో ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌ను, బీపీని పెంచిందని తర్వాత బయటపడింది. రిపోర్టులో నంబరు బాగుంటే మనిషి బాగున్నట్టేనని నమ్మిన క్వాలిటీ కంట్రోల్ వాణ్ణి నేను, ఈ కథ నాకు కొంచెం గట్టిగానే తగిలింది.

దీనికి ఎదురుగా, డొంక చూడటం వల్ల లాభం ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. గుండె కణాల గోడలో పొటాషియం బయటికి పోయే దారి ఒకటుంటుంది, హెర్గ్ అంటారు. దాన్ని మూసేసే మందులు గుండె లయను చెడగొట్టి ఉన్నపళంగా ప్రాణం తీయొచ్చు. అలర్జీకి వాడిన టెర్ఫెనడిన్, మన దగ్గర కూడా గ్యాస్ ట్రబుల్‌కు తెగ వాడిన సిసాప్రైడ్ ఇలాగే పోయాయి. దాంతో కంపెనీలన్నీ భయపడి, హెర్గ్‌ను ముట్టుకున్న మాలిక్యూల్ కనిపిస్తే చాలు చెత్తబుట్టలో వేయడం మొదలుపెట్టాయి. మరి వెరాపమిల్? అది కూడా హెర్గ్‌ను మూస్తుంది, అయినా దశాబ్దాలుగా వాడుతున్నాం, ఆ ప్రమాదం రాలేదు. ఎందుకంటే అది కాల్షియం లోపలికొచ్చే దారిని కూడా మూస్తుంది, ఒకటి చేసిన చెడును రెండోది సర్దేస్తుంది. ఒక్క దారినే చూస్తే వెరాపమిల్ హంతకి, అన్ని దారులూ కలిపి చూస్తే మంచి మందు. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మరికొందరు కలిసి సీపా అనే ప్రయత్నం మొదలుపెట్టారు. మందు ఏ దారిని ఎంత మూస్తుందో విడివిడిగా కొలిచి, ఆ అంకెలన్నీ కంప్యూటర్లో ఉన్న గుండె కణంలో వేసి, లయ ఏమవుతుందో చూస్తారు. ఆ కంప్యూటర్ గుండె కణం నిన్నమొన్నటిది కూడా కాదు. డెనిస్ నోబుల్ అనే ఆయన 1960లోనే, గది నిండా ఉండే కంప్యూటర్ మీద, మొదటిది చేశాడు. మీ వార్తలో ఇదంతా ఈ ఏడాదే పుట్టినట్టు రాశారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకొకటి మన వైజాగ్ వాళ్లకు తేలిగ్గా అర్థమయ్యేది. బీరాఫ్ అనే జన్యువులో ఒక తప్పు వల్ల చర్మ క్యాన్సర్ ఒకటి వస్తుంది, పెద్దపేగు క్యాన్సర్లలోనూ కొన్నిటిలో అచ్చం అదే తప్పు ఉంటుంది. 2011లో ఆ బీరాఫ్‌ను ఆపే మందు వెమురాఫెనిబ్ వచ్చినప్పుడు చర్మ క్యాన్సర్ గడ్డలు మంచులా కరిగాయి. తప్పు ఒకటే కదా అని పెద్దపేగు క్యాన్సర్‌కు ఇస్తే దాదాపు ఏమీ జరగలేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర హైవే మీద బారికేడ్ పెట్టారనుకోండి. వెనక ఇంకో దారి లేకపోతే బళ్లు ఆగిపోతాయి. కానీ మర్రిపాలెం, కంచరపాలెం మీదుగా దారి ఉంది కదా, పది నిమిషాల్లో ట్రాఫిక్ అంతా అటు తిరుగుతుంది. పెద్దపేగు కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే అలాంటి పక్కదారి ఉంది. బీరాఫ్ నడుస్తున్నంతసేపూ ఆ పక్కదారిని అదే అణిచి ఉంచుతుంది, మందు వేసి బీరాఫ్‌ను ఆపగానే పక్కదారి తెరుచుకుంటుంది. అంటే మందే ట్రాఫిక్‌ను అటు తిప్పింది. చర్మ క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ తక్కువ, అందుకే అక్కడ పనిచేసింది. ఈ సంగతి 2012లో కనిపెట్టారు, రెండు దారులనూ ఒకేసారి మూసే మందుల జంట ఎన్‌కొరాఫెనిబ్, సెటుక్సిమాబ్‌కు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. మధ్యలో ఎనిమిదేళ్లు. కంప్యూటర్ ఉంటే పది నెలలు అన్నవాళ్లు ఈ ఎనిమిదేళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇవన్నీ పరాయి దేశాల సంగతులు, మనకేం సంబంధం అంటారేమో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు స్కూలు పుస్తకంలో అందరం చదివాం, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అని బట్టీ పట్టాం. ఆయన బృందం నుంచే 1947లో హెట్రజాన్ వచ్చింది, అదే డైఇథైల్‌కార్బమజిన్, మన కోస్తాలో ఇంటింటికీ తిరిగి ఆరోగ్య కార్యకర్తలు కళ్లముందే మింగించే బోదకాలు మాత్ర. ఆ మాత్రలో ఒక వింత ఉంది. ఫైలేరియా పిల్ల పురుగుల్ని గాజు పాత్రలో వేసి దానిమీద ఈ మందు పోస్తే మామూలు మోతాదులో వాటికి పెద్దగా ఏమీ కాదు, హాయిగా ఈదుతుంటాయి. అదే మందు మనిషి మింగితే కొద్ది గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. పురుగుల్ని మందు నేరుగా చంపడం కంటే, మన ఒంట్లోని రక్షణ వ్యవస్థకు వాటిని పట్టించడమే ఎక్కువ. ఇప్పటి పద్ధతిలో, ముందు గాజు పలకల మీద లక్ష మాలిక్యూల్స్ పరీక్షించి పనిచేసినవాటినే ముందుకు పంపే పద్ధతిలో, సుబ్బారావు గారి మందు మొదటి రోజే ఫెయిలయ్యేది. ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు పనిచేసి ఈ ముక్క నాకు తెలియకపోవడం సిగ్గుగానే ఉంది.

మన దేశంలో ప్రయత్నాలు జరగలేదని కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ క్రిమి జన్యుపటం 1998లోనే వచ్చింది, సుమారు 4 వేల జన్యువులు. 2008లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ అని మొదలుపెట్టి, దేశమంతా కాలేజీ పిల్లల్ని కూడగట్టి, 2010లో ఆ జన్యువుల్లో ఏది ఏం చేస్తుందో, ఏది దేనితో కలిసి పనిచేస్తుందో ఒక పెద్ద పటంలా తయారుచేయించింది. ఏ ప్రొటీన్‌ను కొడితే క్రిమికి పక్కదారి ఉండదో వెతకడానికి. ఎంత మంచి ఆలోచన. ఆ తర్వాత జోరు తగ్గింది, దాన్నుంచి మార్కెట్లోకి మందు రాలేదు. పటం గీయడం తొలి మెట్టు, ఆ తర్వాత మాలిక్యూల్ చేయాలి, ఎలుకల్లో చూడాలి, మనుషుల్లో చూడాలి, దానికి డబ్బూ ఓపికా కావాలి. పటం గీసిన పిల్లలు ఉద్యోగాలు వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

మన ఒళ్లు మనదే, అమెరికావాళ్ల డేటాతో చేసిన మోడల్ మనకు అచ్చంగా సరిపోదు. మన ఆంధ్రలో ఏ మత్తు డాక్టరును అడిగినా చెప్తారు, ఆపరేషన్‌కు ముందు వైశ్య కుటుంబాల వాళ్లను ప్రత్యేకంగా ఎందుకు అడిగి తెలుసుకుంటారో. కండరాలు వదులు చేసే సక్సామిథోనియం ఇంజెక్షన్ మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపం ఆ సమాజంలో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ, అలాంటివాళ్లకు గంటల తరబడి ఊపిరి అందక వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఒక జన్యు మార్పు అలా నిలిచిపోయింది. ఇది ఒక్కరి సంగతి కాదు, మన కులాల్లో చాలావాటిలో ఇలాంటివి ఏవో ఒకటి ఉండొచ్చు. ఏజెన్సీలో మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చేటప్పుడు జీ6పీడీ ఎంజైము లోపం ఉంటే రక్తకణాలు చితికిపోతాయి, అదీ ఇలాంటిదే. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10 వేల మంది భారతీయుల జన్యు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఆ సమాచారాన్ని మందులతో కలిపి చదవాల్సినవాళ్లు ఇక్కడ ఎవరున్నారు?

అసలు విషయానికి వచ్చాను. ఆంధ్ర మెడికల్ కాలేజీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) 1923 నాటివి. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నుంచి ఉంది, ఫార్మసీ కాలేజీ ఉంది, ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కేజీహెచ్ నుంచి యూనివర్సిటీకి ఆటోలో పావుగంట. ఇటు పరవాడలో మందులు టన్నుల్లో తయారవుతున్నాయి, నక్కపల్లిలో కేంద్రం వెయ్యి కోట్ల దాకా సాయం చేసే బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. (రెండూ ఇప్పుడు అనకాపల్లి జిల్లా అనకండి, పనివాళ్ల బస్సులు పొద్దున్నే బయల్దేరేది మా గాజువాక నుంచే.) రోగులున్నారు, డాక్టర్లున్నారు, కెమిస్టులున్నారు, కంప్యూటర్ చదివిన పిల్లలు వీధికి నలుగురున్నారు. నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చున్న సందర్భం నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. మా ఫ్యాక్టరీలో ఫార్మకాలజీ, అంటే మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే చదువు, అనే మాట ఇంటర్వ్యూలో తప్ప వినబడేది కాదు. మాకు కావలసింది ప్యూరిటీ, యీల్డ్, ఆడిట్. పేటెంట్ అయిపోయిన మాలిక్యూల్ తెచ్చుకుని, నాలుగు స్టెప్పులు తగ్గించి, చవగ్గా చేసి పంపడం. ఇది చిన్న పని అని నేనెప్పుడూ అనను, ఆ చవక మందులే కోట్లమందిని బతికిస్తున్నాయి. కానీ వాసన మనకు, వ్యర్థాలు మనకు, ప్రమాదం జరిగితే అంబులెన్సులు మనకు, మాలిక్యూల్ ఆలోచన మాత్రం ఎప్పటికీ వేరేవాళ్లదేనా?

అలాగని మా అమ్మాయి చెప్పిందంతా తలూపి ఒప్పుకున్నానని అనుకోకండి. నేను అడిగాను, మోడల్ తప్పయితే? తప్పయ్యే అవకాశం బోలెడు. మోడల్‌లో వేసే కొలతలు సగం ఒక ల్యాబ్‌వి, సగం ఇంకో ల్యాబ్‌వి, ఒకటి ఎలుకది, ఒకటి మనిషిది. చెత్త వేస్తే చెత్తే వస్తుంది, ఎంత రంగులబొమ్మగా వచ్చినా. సిస్టమ్స్ బయాలజీ అనే మాట పాతికేళ్లుగా మోగుతున్నా పదిలో తొమ్మిది రాలిపోయే లెక్క ఇంకా పెద్దగా మారలేదు. దాన్ని నేను దాచను. కానీ ఏ తొమ్మిది రాలతాయో కాస్త ముందుగా తెలిస్తే, ట్రయల్‌లో చేరిన వేలమందికి ప్రమాదం తప్పుతుంది, అదే పెద్ద లాభం. 2023 మార్చిలో మన దేశం కూడా కొత్త మందుల నిబంధనలు మార్చి, జంతువుల బదులు కంప్యూటర్ మోడళ్లు, చిప్ మీద పెంచిన అవయవాల పరీక్షలు కూడా ఒప్పుకుంటామంది. నిబంధన వచ్చింది, చేసేవాళ్లు కావాలి.

ఇంకో మాట, మన మెడికల్ షాపుల్లో కనిపించే రెండు మూడు మందులు కలిపిన మాత్రల గురించి. డొంకను అర్థం చేసుకుని రెండు మందులు జతచేయడం వేరు, మార్కెటింగ్ వాళ్లు కూర్చుని కలిపేయడం వేరు. మా అమ్మకు ఇచ్చిన జత మొదటి రకం. రెండో రకంవి ఎన్ని ఉన్నాయంటే కేంద్రం 2016లో ఒకేసారి 344, మళ్లీ 2024 ఆగస్టులో 156 నిషేధించాల్సి వచ్చింది. మూడు మందులు కలిస్తే ఒంట్లో ఏమవుతుందో లెక్కగట్టడం పెద్ద పనే, కానీ లెక్కే లేకుండా కలిపేసి అమ్మడం మనవాళ్లకు ఎంత తేలికో చూడండి.

నేను కోరేవి పెద్దవేం కాదు. కొత్త పార్కుకు ఖర్చు పెట్టేదాంట్లో ఒక చిన్న వాటా, ఒక రియాక్టర్ బ్లాకు ఖరీదంత, యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ కలిసి నడిపే ఒక ల్యాబ్‌కు ఇవ్వమనండి. ఫార్మసీ పిల్లలకు ఒక సెమిస్టర్ లెక్కలు, కోడింగ్ నేర్పమనండి, ఇంజనీరింగ్ పిల్లల్ని ఒక నెల వార్డుల్లో తిప్పమనండి. మందు వాడాక వచ్చే ఇబ్బందుల్ని రాసి పంపే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం దేశంలో 2010 నుంచి ఉంది, ఏ రోగి అయినా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు, ఖర్చు లేదు. ఎంతమందికి తెలుసు? మా వీధిలో పదిమందిని అడిగాను, ఒక్కరికీ తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ ఆర్నెల్ల క్రితం దాకా తెలియదు. అమ్మ కాలివాపు ఒక్క ఫోన్‌లో చెప్పి ఉంటే అదొక అంకె అయ్యేది, అలాంటి వేల అంకెలుంటేనే మోడల్ మన ఒంటికి సరిపోతుంది. ఆ నంబరు మీరు వారానికోసారి ఆరోగ్యం పేజీ కింద వేస్తే చాలు.

మీ రిపోర్టర్లకు కూడా ఒక చిన్న విన్నపం. ఎలుకల్లో క్యాన్సర్ తగ్గితే “క్యాన్సర్‌కు మందు” అని హెడ్డింగ్ పెట్టకండి. మా పక్కింటాయన అలాంటి వార్త కత్తిరించి జేబులో పెట్టుకుని, భార్యను తీసుకుని ఊళ్లో ఆసుపత్రులన్నీ తిరిగాడు, ఆ మందు ఎక్కడ దొరుకుతుందని. ఏ దశలో ఉందో ఒక్క వాక్యం రాస్తే ఆయనకు ఆ తిరుగుడు తప్పేది.

ఉత్తరం అనుకున్నదానికంటే పెద్దదైంది. చోటు చాలకపోతే నా ఉద్యోగం గొడవ, మా అమ్మ కాళ్ల గొడవ తీసేయండి, పర్వాలేదు. ఆ ఫోన్ నంబరు, సుబ్బారావు గారి మాత్ర సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్టు,
గాజువాక, విశాఖపట్నం